చెయ్యెత్తే కారు

మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, గంటలో లేచి వెళ్ళిపోయావే అబ్బాయ్, నీతో చెప్పాల్సిందంతా నా నోట్లోనే ఉండిపోయింది. మార్క్ టూ అంబాసిడర్ కొన్నానన్నావు. సంతోషం. ముందుండే గళ్ళ గ్రిల్లు విరిగిపోయిందన్నావు. అదీ మంచిదే, ఇక దానికోసం నాలుగూళ్ళు తిరుగుతావులే అనుకున్నాను. నువ్వేమో జేబులోంచి ఫోను తీసి, "ఆర్డర్ పెట్టేశానండీ, గురువారానికి వచ్చేస్తుంది" అన్నావు. ఏ బండి మీంచి ఊడదీశార్రా అంటే తెలీదన్నావు. ఏ ఊరిదంటే తెలీదన్నావు. అమ్మినవాడి పేరు చెప్పమంటే నాలుగు అక్షరాలూ మూడు అంకెలూ కలిసిన ముక్కేదో చదివావు. నువ్వు వెళ్ళాక ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మా రోజుల్లో పాత బండికి సామాను వెతకడమంటే వ్యవసాయంలాంటిది. విత్తనం చల్లినట్టు పదిమంది చెవిన వెయ్యాలి, వానకోసం చూసినట్టు చూడాలి. పండితే పండినట్టు, లేకపోతే వచ్చే ఏడాది. ఇంగ్లండు బండికి అక్కడినుంచి సామాను తెప్పించుకోవాలంటే దిగుమతి లైసెన్సు కావాలి. అది మనబోటివాళ్ళ చేతికొచ్చే కాగితం కాదు. 1991 దాకా ఇదే తంతు. అందుకని దేశంలో ఉన్న సరుకే చేతులు మారాలి. ఒక బండి మూలపడితేనే ఇంకో బండి రోడ్డెక్కేది. ఏ ఊళ్ళో ఏ బండి పడుకుంది, దాని డైనమో ఎవరు పట్టుకుపోయారు, తలుపులు ఎవరి పెరట్లో ఉన్నాయి, ఇదంతా మేస్త్రీల నోళ్ళలో ఉండేది. ఏ రిజిస్టరులోనూ ఉండేది కాదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు, అంటే 1962 వేసవిలో, మా మేనమామ షెడ్డులో పనికి కుదిరాను. బెజవాడలో బందరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు. కుదరడమంటే జీతమేం లేదు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం గోళీసోడా. పనల్లా కిరసనాయిలు తొట్టిలో నట్లూ బోల్టులూ కడగడం, గుడ్డపెట్టి తుడవడం, సిగరెట్టు టిన్నుల్లో సైజులవారీగా వెయ్యడం. ఒక్కటి తప్పు టిన్నులో పడితే మామయ్య తిట్టేవాడు కాదు. టిన్నంతా నేలమీద గుమ్మరించి, "ఏరు" అనేవాడు. అంతే. ఆ ఏరుడే నాకు చదువు. ఫియట్ బోల్టులు మిల్లీమీటర్ల లెక్క, మోరిస్‌వి అంగుళాల లెక్క. పానా తగిలించగానే, అది కూర్చునే తీరులోనే తెలిసిపోయేది. ప్యాకింగు చిరిగితే కొత్తది కొనేదెక్కడ? షీటు ముక్కని ఆ భాగం మీదే పరిచి, అంచు వెంబడి సుత్తితో టుక్కుటుక్కుమని కొడుతూ పోతే ఆ అంచే కత్తెరై కోసేసేది. చివర్న ఆకు రాలినట్టు చేతిలోకొచ్చేది. ఆ చప్పుడు మధ్యాహ్నం పూట వింటూ ఎన్నిసార్లు నిద్రపోయానో.

టాపెట్లు బిగించే లెక్క చెప్పనా? నీ మార్క్ టూకీ పనికొస్తుంది, రాసిపెట్టుకో. నాలుగు సిలిండర్ల ఇంజనుకి ఎనిమిది వాల్వులు. మొదటిదాన్ని బిగించాలంటే ఎనిమిదోది పూర్తిగా నొక్కుకుని ఉండాలి. మూడోదానికి ఆరు, అయిదోదానికి నాలుగు, రెండోదానికి ఏడు. ఏ జత కూడినా తొమ్మిదే. మామయ్యకి చదువు నాలుగో తరగతి, ఈ తొమ్మిది లెక్క మాత్రం వేళ్ళమీద ఉండేది. హ్యాండిలు కొట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళతోపాటు ఒకే వైపు పెట్టాలి, చుట్టి పట్టుకోకూడదు. ఇంజను వెనక్కి తంతే చుట్టిన బొటనవేలు విరిగిపోతుంది. ఇప్పటి కుర్రాళ్ళకి హ్యాండిలు చూపిస్తే ఇది దేనికండీ అంటారు. బొత్తాం నొక్కితే లేచే బండికి బొటనవేలు గురించి ఎవడాలోచిస్తాడు!

ఆ షెడ్డుకే డాక్టరుగారి మోరిస్ మైనర్ వచ్చేది. 1954 మోడలు, ముందు అద్దం రెండు ముక్కలు, 803 సీసీ ఇంజను. తాళం తిప్పగానే ఇంజను లేవదు, ముందు బానెట్టు కింద ఎస్‌యూ కరెంటు పెట్రోలు పంపు టిక్కుటిక్కు టిక్కుటిక్కు అని కొట్టుకునేది. పెట్రోలు నిండగానే ఆగేది. అప్పుడు సెల్ఫు కొట్టాలి. టిక్కుమనకపోతే పానా పిడితో పంపు నెత్తిమీద ఒక్కటి ఇవ్వాలి, మళ్ళీ మొదలెట్టేది. డాక్టరుగారు రాత్రిపూట పురుళ్ళకి వెళ్ళేటప్పుడు, వీధిలోవాళ్ళు ఆ టిక్కుటిక్కు విని ఎవరింట్లోనో బిడ్డ పుట్టబోతోందని అనుకునేవాళ్ళట.

దాని చేతుల గురించి చెప్పాలి. ఇప్పటి బండ్లకి మలుపు తిరిగేటప్పుడు దీపం మిణుకుమిణుకుమంటుందే, దీనికి అలా కాదు. ముందు తలుపుకీ వెనక సీటుకీ మధ్య స్తంభంలో, గోడ గూట్లో దాచినట్టు, జానెడు చెయ్యి ఉండేది. స్విచ్చు వేస్తే లోపల తీగచుట్ట అయస్కాంతమై లాగేది. టక్కుమని చెయ్యి బయటికి లేచి అడ్డంగా నిలబడేది. లోపల సన్నటి మూడు వాట్ల బల్బు, పైన నారింజరంగు సెల్యులాయిడ్. సాయంత్రం పూట దూరం నుంచి చూస్తే ఎవరో మందారమొగ్గ పట్టుకుని దారి చూపిస్తున్నట్టుండేది. ఒక్కోసారి ఇరుక్కుపోయేది. లోపల్నుంచి స్తంభం మీద అరచేత్తో చరిస్తే లేచేది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే ఆర్నెల్లు బుద్ధిగా ఉండేది. లూకాస్ వాళ్ళు చేసిన సామాను అది. మన ఎండలకి మాత్రం ఆ సెల్యులాయిడ్ పాపం తట్టుకోలేకపోయేది, పగుళ్ళిచ్చి పొరలు పొరలుగా లేచేది.

డాక్టరుగారు పోయాక, 1976లో, ఆయన కొడుకు ఆ బండిని నాలుగు వేలకి నాకిచ్చాడు. అప్పటికి నేను నీటిపారుదల శాఖలో ఓవర్సీరుని. నాలుగు వేలంటే నా ఏడెనిమిది నెలల జీతం. మా ఇంటావిడ మూడు రోజులు మాట్లాడలేదు, అది వేరే కథ. బండికి అన్నీ ఉన్నాయి, కుడిచెయ్యి లేదు. ఎప్పుడో ఎడ్లబండి రాసుకుని విరిచేసిందట. గూడు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గూడే నన్ను నలభై ఏళ్ళు తిప్పింది.

1978లో మొదటిసారి మద్రాసు వెళ్ళాను. రాత్రి మెయిలెక్కి పొద్దున్నే సెంట్రల్లో దిగి, పుదుపేట. కూవం నది ఒడ్డున ఆ సందులు నువ్వు చూశావా? చూసే ఉండవు, నీకేం అవసరం! ఒక కొట్లో తలుపులే, ఒక కొట్లో స్టీరింగులే, గారెలు గుచ్చినట్టు తాడుకి గుచ్చి వేలాడదీసి. నేల మీద మన్ను కాదు, తరాల తరబడి కారిన నూనె. మొదటి కొట్టాయన తెలుగువాడే, నెల్లూరివైపు. సామాను పేరెత్తకముందే బల్ల జరిపి కూర్చోమన్నాడు. టీ వచ్చింది. ఏ బండి, ఏ సంవత్సరం, అద్దం ఒకటా రెండా, ఎవరి దగ్గర కొన్నావు, డాక్టరుగారికి పిల్లలెందరు, అన్నీ అడిగాడు. అరగంట తర్వాత, "చెయ్యి నా దగ్గర లేదు. కిందటేడు సంక్రాంతికి ఒక మైనర్ విప్పాం, దాని చేతులు రెండూ వేలూరాయన పట్టుకెళ్ళాడు. నువ్వు మూడో సందులో ముసలాయన్ని అడుగు" అన్నాడు. ఆ ముసలాయన ఇంకొకరి దగ్గరికి పంపాడు. పొద్దుగూకేసరికి పదకొండు కొట్లు తిరిగాను, నాలుగు టీలు తాగాను, చెయ్యి దొరకలేదు. పెట్రోలు పంపుకి పాయింట్లు, హెడ్‌లైటు చుట్టూ ఉండే రింగులు రెండు, ఎవరో పేరు గోకిన యాష్‌ట్రే ఒకటి దొరికాయి. వెనక్కొచ్చే రైల్లో వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కాయన అవేమిటని అడిగితే నెల్లూరు దాకా చెప్పాను.

హైదరాబాదు పనిమీద వెళ్ళినప్పుడల్లా గురువారం కలిసొచ్చేట్టు చూసుకునేవాణ్ణి. జుమేరాత్ బజారు కోసం. అక్కడ గోనెసంచి మీద గడియారపు ముల్లు పక్కన కార్బొరేటరు, కార్బొరేటరు పక్కన ఎవరిదో కళ్ళజోడు. తెల్లారగట్ల లాంతరు వెలుగులో వంగి ఏరాలి. మంచి సరుకు పొద్దెక్కేదాకా ఉండదు. మిగతా సామానుకి రాణీగంజ్ ఉండనే ఉంది. బెజవాడలో ఆటోనగర్ వచ్చాక లేతు పనికి కొదవ లేకపోయింది, గన్‌మెటల్ బుష్షు కావాలంటే పొద్దున ఇస్తే సాయంత్రానికి తిప్పిచ్చేవాళ్ళు. చెయ్యి మాత్రం ఎవరూ తిప్పివ్వలేరు కదా.

ఓవర్సీరు ఉద్యోగంలో నాకు దక్కిన లాభం కాలవ గట్లు. గుడివాడ అవతల ఒక పల్లెలో, 1983లో, కాలవ కొలతలకి వెళ్ళాను. దాహమేసి ఒకరింటి ముందు ఆగితే, వాకిట్లో కోళ్ళు గుండ్రటి ఇనప చిప్పలో నీళ్ళు తాగుతున్నాయి. చిప్ప నడుమ ఏదో ఉబ్బెత్తుగా ఉంది. కోళ్ళని అదిలించి, నీళ్ళు వంపి చూద్దును కదా, 'ఎం' అక్షరం! మోరిస్ వీల్ కప్పు. నా చేతులు వణికాయంటే నమ్ము. "అమ్మా, ఇదెక్కడిది?" అన్నాను. ఒక పెద్దావిడ. ఏమీ మాట్లాడకుండా నన్ను పశువులశాల వెనక్కి తీసుకెళ్ళింది. గడ్డివాము నీడలో మైనర్ ఉంది. చక్రాల్లేవు, ఇటుకల మీద నిలబెట్టారు. సీటు నిండా ఈకలు. వెనక కిటికీలోంచి కోడిపెట్ట ఒకటి నన్ను చూసి కోప్పడింది. నేను ముందుగా చూసింది కుడి స్తంభం వైపే. గూడు ఖాళీ. ఎడమదీ ఖాళీయే. ఎవరో నాకంటే ముందే వచ్చి వెళ్ళారు.

ఆవిడ మాత్రం చెప్పడం మొదలెట్టింది. ఆ బండిలోనే కాపరానికొచ్చిందట. కాలవ గట్టు మీద బురదలో కూరుకుపోతే పెళ్ళికూతురు దిగి నెట్టిందట, పట్టుచీరతో. భర్త పోయాక అమ్మెయ్యమన్నారు కానీ మనసొప్పలేదట. "కోళ్ళన్నా ఉంటున్నాయి కదా నాయనా" అంది. వీల్ కప్పు ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే, "నువ్వు దాన్ని బండికి పెడతావా?" అంది. పెడతానన్నాను. "అయితే పట్టుకెళ్ళు. కోళ్ళకి ఇంకోటి తెచ్చియ్యి" అంది. మర్నాడు గుడివాడలో స్టీలు బేసిను కొని తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ కప్పు ఇప్పటికీ నా బండి వెనక ఎడమ చక్రానికి ఉంది. దానిమీద చిన్న సొట్ట ఉంది. తీయించెయ్యమన్నవాళ్ళున్నారు. తీయించను. ఇదిరా అబ్బాయ్, సామాను అంటే. నీకు అట్టపెట్టెలో వచ్చే గ్రిల్లుకి ఏ పెళ్ళికూతురు పట్టుచీర అంటుకుంది, చెప్పు?

మైనర్ ఫ్రంటు బంపరు సంగతి కూడా తెలుసుకో. నేను చాలా ఏళ్ళకి చదివాను. మైనర్ గీసిన ఇస్సిగోనిస్ దొర, బండి తయారయ్యాక చూసుకుని, మరీ సన్నగా ఉందని, నమూనా బండిని నిలువునా రెండుగా కోయించి, విడదీసి విడదీసి చూసి, నాలుగంగుళాలు వెడల్పు పెంచాడు. అందుకే బానెట్టు నడుమ చదునుగా పట్టీ ఉంటుంది. అప్పటికే బంపర్లు తయారైపోయాయి. వాటిని పారెయ్యకుండా మధ్యకి కోసి, నాలుగంగుళాల బద్ద అతికి వాడేశారు. 1948లో మొదటి బండ్లు అలాగే బజారుకొచ్చాయి. ఆ తర్వాత దాదాపు 16 లక్షలు చేశారు. అలా అతుకు పెట్టుకుని బతకడం తెలిసిన రోజులవి. ఇప్పుడైతే బంపరుకి గీత పడితే మొత్తం ఊడదీసి కొత్తది బిగిస్తారు, అదీ ప్లాస్టిక్కుది.

ఇక బోర్డుల సంగతి. నువ్వు గోడకి కాల్టెక్సు నక్షత్రం తగిలించానని ఫోటో చూపించావు. నాకు చూడగానే అనుమానమొచ్చింది కానీ నీ మొహం చూసి ఊరుకున్నాను. కాల్టెక్సు మనకి పరాయిది కాదు. విశాఖపట్నంలో 1957లో మొదలైన రిఫైనరీ వాళ్ళదే. ఆ ఎర్ర నక్షత్రం కోస్తా రోడ్ల మీద ఊరూరా వేలాడేది. మా షెడ్డు ముందు బర్మాషెల్ గవ్వ ఉండేది, ఎదురుగా ఎస్సో. 1974లో ఎస్సో పోయింది, 1976లో బర్మాషెల్లూ కాల్టెక్సూ ప్రభుత్వం చేతికొచ్చాయి. రాత్రికి రాత్రి పేర్లు మారాయి. బోర్డులన్నీ దించి పారేశారు. మా మామయ్య షెడ్డు ముందున్న గవ్వని మురిక్కాలవ మీద అడ్డంగా పరిచాడు. దానిమీంచి నడిచి వెళ్ళేవాళ్ళం. అది మాకు రేకే. నేనే రెండేళ్ళ తర్వాత తీసి, కడిగి, మంచం కింద పెట్టుకున్నాను. అప్పుడు అందరూ నవ్వారు.

అసలైన ఎనామిలు బోర్డంటే రంగు వేసిన రేకు కాదు. గాజుపొడిని ఇనపరేకు మీద పరిచి కొలిమిలో ఎనిమిదివందల డిగ్రీల దాకా కాల్చితే, గాజు కరిగి ఇనుముకి అతుక్కుంటుంది. రంగురంగుకీ మళ్ళీ కాల్చాలి. అందుకే అక్షరం అంచున గోరు పెట్టి నడిపిస్తే మెట్టు తగులుతుంది. చేత్తో ఎత్తితే బరువుంటుంది. వేలి మెటికతో కొడితే గిన్నెలా మోగుతుంది. దెబ్బ తగిలినచోట పొర పొరగా లేవదు, గాజులా పెచ్చు రాలి, కింద నల్లటి మచ్చ కనిపిస్తుంది. మేకు కంతల చుట్టూ పెచ్చులు లేకపోతే అది ఏ గోడకీ వేలాడలేదన్నమాట. ఇప్పుడు అమ్మేవాళ్ళు రేకు మీద అచ్చేసి, ఉప్పునీళ్ళు పోసి, మట్టిలో కప్పెట్టి, నెలకి తీసి, "నూరేళ్ళనాటిది" అంటారు. తుప్పు మధ్యలో పుడుతుందిట్రా? తుప్పెప్పుడూ అంచునుంచీ కంతనుంచీ రావాలి. పోయిన ఏడాది ఒక కొట్లో అలాంటిది నాకే అంటగట్టబోయాడు ఒకడు. నేను గోరు పెట్టగానే మొహం తిప్పుకున్నాడు. నీ నక్షత్రం మీద గోరు నడిపించి చూడు. మెట్టు తగలకపోతే నాకు చెప్పకు, నా దగ్గర రెండున్నాయి, ఒకటిస్తాను.

మా మనవరాలు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతోంది. కిందటి దసరాకి నన్ను ఏదో కాఫీ హోటలుకి తీసుకెళ్ళింది, "తాతయ్యా, నీకిష్టమైన చోటు" అంటూ. గోడలనిండా నంబరుప్లేట్లు, గ్రీజు గన్నులు, నూనెడబ్బాలు. బల్ల మీద దీపస్తంభం ఎస్‌యూ కార్బొరేటరు. నిజంది! మెడలోంచి వైరు దూర్చి పైన బల్బు పెట్టారు. నాకు కాఫీ దిగలేదు. నోట్లోకి వేలు పెట్టి పిస్టను పైకెత్తి వదిలాను, టక్కుమని పడింది. శుభ్రంగా ఉంది, ఏ పాడూ లేదు. నెత్తిమీద ఇత్తడి మూత విప్పితే లోపల నూనె చుక్క లేదు, ఎండిపోయింది. ఆ కుర్రాడు, అదే, కాఫీ ఇచ్చేవాడు, పరుగెత్తుకొచ్చాడు. "నాయనా, నూనె కాస్త ఉందా?" అన్నాను. కొబ్బరినూనె ఉందన్నాడు. వాణ్ణేమనాలి! ఆ కార్బొరేటరు కోసం ఏ ఊళ్ళోనో ఒక బండి ఇటుకల మీద ఎదురుచూస్తోంది, ఇది ఇక్కడ మెనూకార్డు మీద వెలుతురు పడేస్తోంది. మనవరాలు నన్ను ఇంటికి తీసుకొచ్చేసింది. దారిలో, "నీ గదిలో కూడా నాలుగు ఉన్నాయి కదా తాతయ్యా, అవి ఏ బండికి?" అంది. అవి వేరని చెప్పాను. నా వాటికి నూనె వేస్తాను. అది మాత్రం నిజం, ప్రతి నెలా మొదటి ఆదివారం వేస్తాను. బండిలేని కార్బొరేటర్లే అనుకో.

ఇంకోటి. అంబాసిడర్ చెయ్యడం 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఆపేశారు. 2017లో ఆ పేరుని ఫ్రెంచివాళ్ళకి 80 కోట్లకి అమ్మారు. పేరుకే 80 కోట్లు! ఇక్కడ మన ఆఫీసుల వెనక పదిహేనేళ్ళు దాటాయని బండ్లని కాటా వేసి కిలోల లెక్కన పంపించేస్తున్నారు. అందులో ఎన్ని గ్రిల్లులు పోయాయో, నీకు కావలసినవి. యాభై ఏళ్ళు దాటిన బండికి 2021లో వేరే రిజిస్ట్రేషను పెట్టారు, వీఏ అని. ఇరవై వేలు కట్టి నంబరు తీసుకుంటే ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, మరమ్మతుకి తియ్యొచ్చట. కూరగాయలకి తియ్యకూడదట! పురుళ్ళకి తిరిగిన బండిరా అది. నేను తీసుకోలేదు. నా పాత నంబరే అయిదేళ్ళకోసారి రెన్యూవలు చేయించుకుంటున్నాను. ఏపీ పదహారంటే మన కృష్ణా జిల్లా అని దేశమంతా తెలిసేది, ఇప్పుడు ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా అందరిదీ ఒకే వరస. ఎదురొచ్చేది ఏ జిల్లా బండో తెలియకపోతే దారిలో పలకరింపేముంటుంది?

సరే, ఇక నేను ఒప్పుకోవలసింది ఒకటుంది. మా రోజులని నేనంటున్నానే, ఆ రోజుల్లో నా బండి కింగ్‌పిన్ కోసం ఎనిమిది నెలలు షెడ్డులో నిలబడింది. మామయ్య లారీ ట్యూబు కోసి వేసిన రబ్బర్లకంటే, ఇంగ్లండులో మైనర్లకని ఇప్పటికీ చేసి పంపే రబ్బర్లు మేలు, వాన నీళ్ళు కాళ్ళమీద పడవు. ఇదంతా నాకు తెలుసు. ఇంకా పెద్దది చెబుతాను. నలభై ఏళ్ళు నేను వెతికిన ఆ కుడిచెయ్యిని, మా మనవరాలు కిందటి సంక్రాంతికి పిండివంటలు తింటూ తింటూ, అరగంటలో ఫోనులో పట్టింది. కోయంబత్తూరు నుంచి పెట్టె వచ్చింది, థర్మకోలు మధ్య. తీసి చూస్తే లూకాస్ అచ్చు, సెల్యులాయిడ్ మీద ఒక్క పగులు లేదు. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. ఎవరినీ అడగలేదు, ఎవరి బల్ల మీదా కూర్చోలేదు, ఒక్క టీ తాగలేదు. పెట్టె మీద నంబరుంది. చేశాను. నాకంటే రెండేళ్ళు పెద్దాయన, కారు ఎలక్ట్రీషియను. ఆయన తమిళం, నా తెలుగు, మధ్యలో ఇద్దరికీ సగం సగం వచ్చిన ఇంగ్లీషు. ఆ చెయ్యి కూనూరులో తేయాకు తోట మేనేజరు బండిది. కొండమీద మంచుకి దాచిపెట్టినట్టుంది, అందుకే ఎండకి పగల్లేదు. మేనేజరుగారి భార్య డ్రైవింగు నేర్చుకున్నది ఆ బండి మీదే. నలభై అయిదు నిమిషాలు మాట్లాడుకున్నాం. "ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇలా అడగలేదు, డబ్బు వేస్తారు, అడ్రసు పంపుతారు, అంతే" అన్నాడాయన.

కాబట్టి నా కోపం నీ ఫోను మీద కాదబ్బాయ్. చేతిలో ఫోనుంది, అమ్మినవాడి నంబరుంది, నువ్వు చెయ్యలేదు. అదీ నా కడుపుమంట. గురువారం గ్రిల్లు రాగానే పెట్టె విప్పకుండా నా దగ్గరికి పట్టుకురా. ముందు ఆయనెవరో, ఆయనకి చేద్దాం. తర్వాత విప్పుదాం.

చెయ్యి నేనే బిగించాను. రెండు మరలు, ఒక వైరు, కుట్టుమిషను నూనె ఒక చుక్క. మర్నాడు సాయంత్రం బండి తీసుకుని బెంజి సర్కిల్ దగ్గర కుడివైపు తిరగబోతూ స్విచ్చు వేశాను. టక్కుమని లేచింది. నారింజరంగు వెలుగు, మా డాక్టరుగారి వీధిలో చూసిందే. వెనక స్కూటరు మీద కుర్రాడొకడు హారనే హారను. పక్కకొచ్చి అద్దం మీద కొట్టి, "తాతగారూ, మీ బండికి ఏదో ఊడి బయటికొచ్చింది!" అని అరిచాడు. నేను స్విచ్చు తీశాను. చెయ్యి గూట్లోకి వెళ్ళిపోయింది. వాడు నోరు తెరిచాడు. "ఏదీ, ఇంకోసారి చెయ్యండి" అన్నాడు. మళ్ళీ ఎత్తాను. వెనక లారీ కొడుతూనే ఉంది, కొట్టనీ.